మీటింగు వంటలో మన ఎండ్రొయ్యల కూర ఎందుకు లేదు?

మాఘమాసంలో మా మండలం మీటింగు జరిగింది. నూటయిరవై మంది దాకా వచ్చారు. శ్మశానం స్థలం గురించి వొక తీర్మానం, ఆడకూలీలకి మగకూలీలతో సమానంగా కూలి ఇవ్వాలని ఇంకొక తీర్మానం చేశారు. రెండూ మంచి తీర్మానాలే. రెండోదానికి చేతులెత్తమన్నప్పుడు నేను అక్కడ లేను. నేనొక్కదాన్నే కాదు, మా పేట ఆడవాళ్ళం పదకొండు మందిమి లేము. చర్చి వెనక రేకుల పందిట్లో ఉన్నాము. సాంబారు మరగటం లేదని వొకామె పొయ్యి ఊదుతుంది. ఇంకొకామె పులిహోర కలుపుతుంది. నేను బంగాళాదుంపల పొట్టు తీస్తున్నాను. మైకులో ఏదో చెప్పారు, చప్పట్లు వినపడ్డాయి. "ఏందంటమ్మా ఆ చప్పట్లు?" అని మా పెద్దమ్మ అడిగింది. "మనకి కూలి సమానం చేశారంట" అని ఎవరో చెప్పారు. "అట్నా, మంచిదేలే. ఆ దబర ఇటందుకో" అన్నది పెద్దమ్మ.

ఇది ఎవరినీ ఎగతాళి చేయటానికి రాయటం లేదు. మీటింగు పెట్టినవాళ్ళు మా తమ్ముళ్ళే, మా అన్నలే. నెల రోజులు కాళ్ళరిగేటట్టు పేటపేటకీ తిరిగారు. కానీ ఆ రోజు వంటకి తెల్లారగట్ల అయిదింటికి పొయ్యిలు వెలిగిస్తే, వడ్డన అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అంట్లు తోమేసరికి వక్తలు జీపెక్కి వెళ్ళిపోయారు. మా గురించి చేసిన తీర్మానం మాకు తెలిసింది చప్పట్ల ద్వారా. దీనికి కారణం మా అన్నల మనసు చెడ్డది కావటం కాదు, ఆ వంట. అందుకనే వంట గురించి రాస్తున్నాను.

మీటింగంటే పప్పు, సాంబారు, పులిహోర, వొక వేపుడు, అప్పడం, పెరుగు. ఈ జాబితా ఎవరు రాశారు? ఎవరూ కాగితం మీద పెట్టలేదు. అయినా అందరికీ తెలుసు. మన పెళ్ళిళ్ళలో వేటమాంసం వండుతాం. దినం భోజనంలోనూ నీచు లేకపోతే ఊరుకోం. మన పేటలో, మన చందాలతో, మన మీటింగు పెట్టుకునేసరికి మాత్రం పెద్దిళ్ళ పంక్తి భోజనం గుర్తుకొస్తుంది. ఎందుకన్నా అంటే "అందరూ తినేది వండాలి గదక్కా" అన్నారు. అందరూ అంటే ఎవరు? ఆ నూటయిరవై మందిలో నీచు తినని వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఉపవాస దినాలు పాటిస్తున్నవాళ్ళు ముగ్గురు. రొయ్య తింటే వొళ్ళంతా దద్దుర్లొచ్చే పిల్ల వొకతె. అంతే. ఆ నలుగురికీ వేరే గిన్నెలో వండటం ఎంత పని? రాని మనుషుల్ని, వస్తారేమో అనుకున్న మనుషుల్ని మనసులో పెట్టుకుని నూటపదహారు మందికి వంట చేశాము.

మరి ఏం వండాలి? కోడికూర వండితే ఖర్చు, మాంసమయితే ఇంకా ఖర్చు, పైగా అదీ గంటల పనే. నేను చెప్పేది మన ఇళ్ళల్లో రోజూ పొద్దుగూకినాక వండే కూర. ఎండ్రొయ్యలూ చిక్కుడూ. చిక్కుళ్ళు లేని రోజుల్లో ఎండ్రొయ్యలూ బొబ్బర్లూ.

మా అమ్మ కలుపుకో, నాట్లకో, మిరపకాయ కోతకో పోయి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేది. పిల్లలం ఆకలితో గడపలో కూచునేవాళ్ళం. నాన్న అరుగు మీద కూచునేవాడు, ఆయనా కూలికి పోయొచ్చినవాడే. కానీ ఆయన కూచునేవాడు, అమ్మ కూచునేది కాదు. ఒక పొయ్యి మీద ఎసరు పెట్టి, రెండో పొయ్యి మీద మూకుడు పెట్టేది. అన్నం వార్చే లోపల కూర అయిపోవాలి. పొద్దున పనికి పోయే ముందే అరసోలెడు బొబ్బర్లు నీళ్ళల్లో పోసి మూతపెట్టి పోయేది కాబట్టి అవి సాయంత్రానికి ఉబ్బి ఉండేవి. ఇప్పుడు పత్రికల వాళ్ళు 'అరగంటలో విందు' అని పేజీలు వేస్తున్నారు. మన వాడల్లో అరగంటకి మించి టైము ఎప్పుడుంది గనక?

తెలియని తమ్ముళ్ళ కోసం ఎట్లా వండాలో చెబుతాను. తెలిసిన అక్కలు నా తప్పులుంటే దిద్దండి.

ముందు రొయ్యలు. తలా తోకా గిల్లెయ్యాలి. వట్టి మూకుట్లో, నూనె లేకుండా, సన్న సెగ మీద కరకరలాడేదాకా వేయించాలి. చల్లారినాక గుడ్డలో వేసి అరచేతులతో నలిపితే కాళ్ళూ మీసాలూ పొట్టూ ఊడొస్తాయి. చాటలో వేసి చెరిగితే పొట్టు పోతుంది, రొయ్య నిలుస్తుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్ళల్లో రెండు మూడుసార్లు కడగాలి. ఇక్కడ బద్ధకించొద్దు. రొయ్యల్ని ఇసకలో ఎండబెట్టి ఉంటారు. ఇసక మిగిలితే మొదటి ముద్దకే పంటి కింద కరకరమంటుంది, ఆ పైన ఎంత రుచిగా ఉన్నా ఎవరూ మెచ్చుకోరు. సన్న రొయ్యపొట్టు అయితే గిల్లే పని లేదుగానీ కడగటం మరీ ఎక్కువ కావాలి.

చిక్కుళ్ళు నార తీసి తుంచాలి. ముదురు కాయలయితే తొక్క పారేసి గింజలు తీసుకోవాలి, ముదురు గింజకే రుచి. మూకుట్లో నూనె పోసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు పెట్టి, ఉల్లిపాయ ముక్కలూ చీల్చిన పచ్చిమిరపకాయలూ వెయ్యాలి. ఉల్లిపాయ మెత్తబడినాక దంచిన వెల్లుల్లి, పసుపు. అప్పుడు రొయ్యలు వేసి నూనెలో రెండు నిమిషాలు తిప్పాలి. ఇల్లంతా వాసన వచ్చేది ఈ రెండు నిమిషాల్లోనే. తర్వాత చిక్కుళ్ళు, కాసిని నీళ్ళు, మూత. కాయ మెత్తబడినాకే కారం, ధనియాల పొడి, చిక్కటి చింతపండు పులుసు. పులుపు ముందే పోస్తే గింజ ఉడకదు, గంటసేపు మంట పెట్టినా బిరుసుగానే ఉంటుంది. ఉప్పు చివర్లో చూసుకుని వెయ్యాలి, రొయ్యలో కొంత ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి. పులుసు దగ్గరపడి నూనె పైకి తేలితే దించటమే. చింతపండు బదులు టమాటాలు వేసుకునేవాళ్ళూ ఉన్నారు. తెలంగాణ అక్కలు చింతచిగురుతో వండుతారు, వంకాయతో వండుతారు. వాళ్ళ చింతచిగురు ఎండ్రొయ్యలు తిన్నాక మా కూర గొప్పని నేను వాదించను.

ఇది పేదరికపు కూడు గనక గొప్పదని పాడటం నాకిష్టం లేదు. మా అమ్మ నడిగితే "ఇంకేం లేకనే వండాను" అంటుంది. నిజం. చిక్కుడుపాదు పాక మీదికి పాకించినది, కార్తీకం నించి మాఘం దాకా ఊరికే కాసేది. రొయ్యపొట్టు పల్లెకారు ఆడమనిషి గంపలో తెచ్చేది. ధాన్యం కొలిచిస్తే రొయ్యపొట్టు కొలిచిచ్చేది. సముద్రం అంచున రొయ్య ఎండబెట్టే ఆమెకి బియ్యం లేవు, పొలంలో ధాన్యం నూర్చే మా అమ్మకి కూర లేదు. మధ్యలో సేటు లేడు. పెద్దిళ్ళవాళ్ళు మమ్మల్ని ఎంత దూరంలో నిలబెట్టినా, ఆ గంపామె మాత్రం మా పాక చూరు కింద కూచుని మంచినీళ్ళు తాగి, మా అమ్మతో కష్టసుఖాలు మాట్లాడి పోయేది.

ఇప్పుడా గంప రావటం లేదు. తొంభైల మొదట్లో మా తీరం పొడుగునా టైగరు రొయ్యల చెరువులు తవ్వారు. మురుగు కాల్వలో పాత చీరె పట్టి మేము రొయ్యపిల్ల దేవుకునే చోట మోటార్లు పెట్టారు. తాగే బావులు ఉప్పెక్కాయి. పశువులు మేసే బీళ్ళు పోయాయి. పేదలకిచ్చిన పట్టా భూములు లీజు పేరుతో చేతులు మారాయి. 1994, 95లలో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులు మునిగితే కూలీలూ మునిగారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలో ఇట్లాంటి చెరువులు ఉండకూడదని తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, వాటికి రిజిస్ట్రేషను దారి చూపించింది. 2009 తర్వాత వనామి రకం వచ్చింది. ఇవాళ దేశంలో చెరువుల్లో పెంచే రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే. అవి ఐసు పెట్టెల్లో అమెరికాకి, చైనాకి పోతాయి. తెల్లారుజామున వ్యాన్లెక్కి పోయి, చల్లటి షెడ్లల్లో నిలబడి ఆ రొయ్యల తలలు వలిచే ఆడపిల్లలు మన పేటల వాళ్ళే. వాళ్ళ వేళ్ళు పాసిపోయి ఉంటాయి. సాయంత్రం ఇంటికొచ్చి కిరాణా కొట్లో యాభై గ్రాముల ఎండ్రొయ్యల పాకెట్టు కొనటానికి వెనకాముందూ ఆడతారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం యాభై శాతం చేసినప్పుడు, రొయ్యలు మనవాళ్ళకే ఎందుకు అమ్మకూడదు అనే ఆలోచన పెద్దలకి వచ్చింది. మనం గుర్తొచ్చాం, సంతోషం.

ధర పెరిగిందన్నది నిజమే. అయినా లెక్క వేసి చూశాను. ఎండ్రొయ్య కూరలో తూకానికి వేసేది కాదు, మనిషికి పాతిక గ్రాములు చాలు. మీటింగు రోజున కూరగాయలకీ నూనెకీ పెరుగుకీ నెయ్యికీ పెట్టిన డబ్బుతో అందరికీ ఎండ్రొయ్యల కూర, మజ్జిగ పెట్టొచ్చు. అన్నట్టు ఆ నెయ్యి ఎందుకు కొన్నామో నాకిప్పటికీ తెలియలేదు.

డబ్బు అడ్డం కాదు. అడ్డం వాసన. ఈ మాట పైకి ఎవరూ అనలేదు. "టౌను నించి లాయరు గారొస్తున్నారు, ఎండ్రొయ్యలు బాగుండదేమో" అన్నంతవరకే అన్నారు. ఆ లాయరు గారు ఎవరనుకున్నారు? పక్క మండలం మాలపల్లి బిడ్డ. చిన్నప్పుడు మనలాగే తిన్నవాడు. భోజనాలప్పుడు మాటల్లో ఆయనే చెప్పాడు, "ఇంట్లో వండుకోవటం మానేశామమ్మా, కింద ఇంటి ఓనరు గొడవ చేస్తాడు" అని. వండేది ఆయన భార్య. కిటికీలు మూసి, అగరొత్తులు వెలిగించి వండితే కూడా ఓనరు పైకొచ్చి తలుపు కొట్టాడంట. అద్దెకి పోయేటప్పుడు మన పిల్లల్ని కులం సూటిగా అడగరు, "నీచు వండుతారా" అని అడుగుతారు. హాస్టల్లో ఇంటి నించి తెచ్చుకున్న రొయ్యపొడి సీసాని పెట్టె అడుగున దాచుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఎండుచేపల గంపని బస్సెక్కనియ్యక మధ్యదారిలో దించేసిన కండక్టర్లనీ చూశాను. దించేసిన ఆమె ఎండలో గంప నెత్తిన పెట్టుకుని అయిదు మైళ్ళు నడిచింది.

బయట ఇంత ఉంది కాబట్టే మన పందిట్లో కూడా మనం కిటికీలు మూసుకోవటం నాకు బాధగా ఉంది. అక్కడ ఓనరు లేడు, తలుపు కొట్టేవాడు లేడు.

ఈ మాట అంటే ఒక తమ్ముడు కోపపడ్డాడు. "అక్కా, భూమి గురించి మాట్లాడుకోవలసిన చోట కూర గురించి మాట్లాడతావేంది? సహపంక్తి భోజనాలతో కులం పోదని అంబేడ్కరే చెప్పాడు గదా" అన్నాడు. చెప్పాడు. 1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండలి కోసం రాసిన ఉపన్యాసంలో, కలిసి తినటం ఉన్నచోట కూడా కులభావం చావలేదని, అసలు మందు కులాంతర వివాహమని రాశాడు. ఆ ఉపన్యాసాన్ని ముందే చదివి భయపడి వాళ్ళు సభనే రద్దు చేసుకున్నారు. ఆయన మాటని నేను కాదనటం లేదు. ఎండ్రొయ్యలు వండితే కులం పోతుందని ఎక్కడా అనలేదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండగ చేసినప్పుడు రాళ్ళు పడ్డాయి. తిండి మీద దెబ్బలాట చిన్న విషయం కాదని అప్పుడు మన పత్రికలన్నీ రాశాయి. మరాఠీలో షాహూ పాటోళే మాంగు, మహారు వాడల వంటల మీద 2015లో వొక పుస్తకమే వేశాడు. పెద్దకూర మీద గంటలు గంటలు మాట్లాడే మగపిల్లలు, వాళ్ళమ్మ రోజూ సాయంత్రం అరగంటలో వండే కూర ఎట్లా వండుతుందో చెప్పమంటే నీళ్ళు నములుతారు. నా తగాదా అక్కడ.

నేనడిగేది టైము. పప్పు, సాంబారు, పులిహోర, వేపుడు అంటే నాలుగు పొయ్యిలు, పదకొండు మంది, తొమ్మిది పది గంటలు. ఎండ్రొయ్యల కూర, అన్నం, మజ్జిగ అంటే రెండు పొయ్యిలు, అయిదుగురు, రెండు గంటలు, అదీ రొయ్యలు ముందురోజు బాగుచేసి పెట్టుకుంటే. మీటింగు పదింటికి మొదలయితే పొయ్యి తెల్లారి వెలిగించి, తొమ్మిదిన్నరకి దించి మూతపెట్టొచ్చు. ఈ కూర చల్లారినా పాడయ్యేది కాదు, మధ్యాహ్నానికి పులుసు పట్టి ఇంకా బాగుంటుంది. అప్పుడు మేము కూడా పందిట్లోకొచ్చి కూచుంటాము, చేతులెత్తుతాము. ఎత్తకపోవచ్చు కూడా. కూలి తీర్మానంలో మిరపకోతల కూలి సంగతి రాయలేదని, కోతల్లో కిలోల లెక్కన ఇచ్చేచోట 'సమానం' అంటే ఏమిటో తేల్చలేదని మాకు తర్వాత తెలిసింది. మేముంటే అక్కడే అడిగేవాళ్ళం.

ఇంకొకటి. ఆ అయిదుగురూ ఆడవాళ్ళే అయితే నేను ఇంత రాసీ వృథా. నాలుగు కూరల వంట మాకు రాదు అని మగవాళ్ళు తప్పించుకోవచ్చు, ఈ కూర దగ్గర ఆ సాకు చెల్లదు. పైన రాసినంతే దాని విద్య.

నూరు మందికి లెక్క ఇది. బియ్యం పద్దెనిమిది కిలోలు. ఎండ్రొయ్యలు రెండున్నర కిలోలు, తల గిల్లి చెరిగితే తరుగు పోతుంది కాబట్టి మూడు తెచ్చుకుంటే మంచిది. చిక్కుళ్ళు పది కిలోలు. ఉల్లిపాయలు అయిదు కిలోలు. చింతపండు కిలో. కారం, ఉప్పు మీ ఊరి నాలుకని బట్టి. కొనేటప్పుడు రొయ్యని చేత్తో విరిచి చూడండి, ఫట్టున విరగాలి. మెత్తగా వంగితే చెమ్మ తగిలిందన్నమాట. ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రం వాసన రావాలి, ఘాటుగా ముక్కు మండితే మాత్రం తీసుకోవద్దు. రొయ్య పడనివాళ్ళు కొందరికి నిజంగా ప్రాణం మీదికొస్తుంది. ముందే అడిగి, వాళ్ళకి వేరే గిన్నెలో, వేరే గరిటెతో వట్టి చిక్కుళ్ళు వండండి. ఉపవాసం వాళ్ళకీ అదే.

ఏప్రిల్ 14కి చిక్కుళ్ళు దొరకవు, కాలం అయిపోతుంది. గోరుచిక్కుళ్ళు దొరుకుతాయిగానీ అవి విడిగా ఉడకబెట్టుకోవాలి, పని పెరుగుతుంది. అందుకని మా పేటలో బొబ్బర్లకే ఒప్పుకున్నాము. అయిదు కిలోలు, ముందురోజు రాత్రి నానబెట్టేది మేము. రొయ్యలు దులిపి కడిగేది యువజన సంఘం కుర్రాళ్ళు. మొదట నవ్వారు, తర్వాత ఆరుగురు పేర్లిచ్చారు. చాటలు మా ఇళ్ళల్లోవి తీసుకోవచ్చు. చెరగటం రాదన్నవాళ్ళని పదమూడో తేదీ సాయంత్రం చర్చి వెనక పందిట్లోకి రమ్మన్నాము, మా పెద్దమ్మ నేర్పుతానన్నది.